స్త్రీవాది అంటే ఎవరు?

క్రిందటి ఏడాది హాస్టల్ వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం ‘ఆడపిల్లల చదువు’. మాలో ఇంటర్ చదివే చెల్లెలు ఒకతె లేచి, “అబ్బాయిల హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదింటికి వేస్తారు. మా గేటు ఆరింటికే వేస్తారు. ట్యూషన్ ఆరున్నరకు అయిపోతుంది. మరి మేం ట్యూషన్ మానుకోవాలా, గేటు బయట ఉండాలా?” అని అడిగింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆమె దిగి వస్తుంటే మాత్రం వెనక వరుసలోంచి ఎవరో “అబ్బో, ఫెమినిస్టు!” అన్నారు. అందరూ నవ్వారు.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. “నేను ఫెమినిస్టును కాదక్కా, ఉన్నమాటే అడిగాను” అని ఏడ్చింది. మేమూ వీపు నిమిరి, “నువ్వు అలాంటిదానివి కాదులేవే” అన్నాం. తర్వాత ఆలోచిస్తే మాకే సిగ్గేసింది. ఆ మాటకు అర్థం అన్నవాళ్లకూ తెలియదు, ఏడ్చిన పిల్లకూ తెలియదు, ఓదార్చిన మాకూ తెలియదు. అందుకే లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, మా తెలుగు మేడమ్‌ను అడిగి తెలుసుకున్న నాలుగు సంగతులు ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

మాట ఎక్కడ పుట్టింది?

ఫెమినిస్టు అనే మాట ఫ్రెంచి భాషలోది. మొదట్లో అది వైద్యుల మాట. జబ్బు వల్ల మగవారి శరీరంలో ఆడ లక్షణాలు కనిపించడాన్ని చెప్పడానికి దాన్ని వాడారు. 1872లో చిన్న డ్యూమా అనే ఫ్రెంచి రచయిత స్త్రీల హక్కుల గురించి మాట్లాడేవారిని వెక్కిరిస్తూ ఆ మాట రాశాడు. అంటే మా చెల్లెలికి తగిలిన వెక్కిరింపు నిన్నమొన్నటిది కాదన్నమాట! పదేళ్లు తిరక్కుండానే, 1882 ప్రాంతంలో, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడుతున్న హుబర్టీన్ ఓక్లేర్ అనే ఫ్రెంచి మహిళ “అవును, నేను ఫెమినిస్టునే” అన్న ధోరణిలో ఆ పేరును తనకు పెట్టుకున్నది. 1890లలో అది ఇంగ్లీషులో స్థిరపడింది.

వెక్కిరింపును పేరుగా మార్చుకోవడం మనకు కొత్త కాదు. ‘దళిత’ అంటే అణగదొక్కబడినవారు అని అర్థం. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఏర్పడినప్పుడు ఆ మాటనే తల ఎత్తి చెప్పుకున్నారు.

తెలుగులో ‘వాది’

తెలుగులో స్త్రీవాది అంటున్నాం. హేతువాది, సామ్యవాది లాంటిదే ఇదీ. కోర్టులో వాది, ప్రతివాది ఉంటారు కదా. తనకు అన్యాయం జరిగిందని దావా వేసేవాడు వాది. స్త్రీవాది కూడా అంతే. స్త్రీలకు అన్యాయం జరిగిందని సమాజం ముందు దావా వేసే మనిషి. ఇక్కడ ప్రతివాది పురుషుడు కాదు. ఆడదాన్ని తక్కువగా చూసే ఆచారం, చట్టం, అలవాటు ప్రతివాదులు.

అంతకు ముందు మనకు ‘స్త్రీ జనోద్ధరణ’ అనే మాట ఉండేది. కందుకూరి వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. గొప్ప పనే. అయితే ఉద్ధరణలో పైన ఉన్నవారు చెయ్యి అందిస్తారు. స్త్రీవాదంలో స్త్రీలే నిలబడి తమ హక్కు అడుగుతారు. ఆ తేడా గమనించాలి. హైదరాబాదులో 1978లో మొదలైన స్త్రీ శక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. 1993లో ఓల్గా గారి సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం వచ్చింది. ఇలాంటి కృషి వల్ల స్త్రీవాదం అనే మాట తెలుగులో నిలిచింది.

ఎవరిని అనవచ్చు?

మగవారు కూడా స్త్రీవాదులు కావచ్చు. ‘వాది’కి ఆడ, మగ తేడా లేదు. డాక్టర్ అంబేద్కర్ గారు 1928లోనే బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీలకు ప్రసూతి సౌకర్యాలు కావాలని వాదించారు. ఆడవారికి ఆస్తి, విడాకుల హక్కులు ఇచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం 1951లో ఆయన మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం. ఆయన్ను స్త్రీవాది అంటే తప్పేమీ లేదు. మరోవైపు, ఆడదై పుట్టినంత మాత్రాన స్త్రీవాది అయిపోరు. కోడలిని కట్నం కోసం వేధించే అత్త స్త్రీవాది కాదు.

స్త్రీవాది అంటే మగవారిని ద్వేషించేది అనుకోవడం పొరపాటు. వేసుకునే బట్టలకూ, కత్తిరించుకున్న జుట్టుకూ ఆ మాటతో సంబంధం లేదు.

మాట తెలియకుండానే ఆ పని చేసినవారూ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకున్న కూలి స్త్రీలు సారా అంగడి మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. అక్షరం ఎంత పని చేస్తుందో చూడండి!

మన ప్రశ్న

ఇక్కడ మనం ఒకటి అడగాలి. చదువుకున్న పెద్ద కులాల స్త్రీలు బయటికి వెళ్లి పనిచేసే హక్కు అడిగారు. మా అమ్మలు ఎప్పుడు ఇంట్లో కూర్చున్నారు? నాట్లకు, కలుపులకు పోతూనే ఉన్నారు. వారికి కావలసింది సమానమైన కూలి, సొంత చెక్క భూమి, పొలంలో మర్యాద. కూతుళ్లకు ఆస్తిలో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో వచ్చింది. సంతోషం. పంచడానికి ఆస్తే లేని ఇంట్లో ఆ వాటా ఎంత?

ఈ ప్రశ్న మనకంటే ముందే ఒక విద్యార్థిని అడిగింది. ఫూలే దంపతుల బడిలో చదువుకున్న ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు పిల్ల, పద్నాలుగేళ్ల వయసులో, 1855లో ఒక మరాఠీ పత్రికకు వ్యాసం రాసింది. మాంగ్, మహర్ల కష్టాలతో పాటు, నెత్తిన కప్పు లేక వానలో, చలిలో ప్రసవించే తల్లుల బాధ కూడా అందులో చెప్పింది. కులం బాధ, ఆడదాని బాధ ఒక్కచోటే చెప్పిన ఆ పిల్ల మనలాంటి విద్యార్థినే. తెలుగులో దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల గారు 2003లో ‘నల్లపొద్దు’ పేరుతో ఒక్కచోట చేర్చారు. హాస్టల్ లైబ్రరీకి ఆ పుస్తకం తెప్పించమని వార్డెన్ గారిని కోరుతున్నాం.

చివరగా గేటు సంగతి. మేమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాక, ట్యూషన్ ఉన్నవాళ్లు రిజిస్టరులో రాసి ఏడింటికి రావచ్చని వార్డెన్ గారు ఒప్పుకున్నారు. అబ్బాయిల తొమ్మిది ఇంకా దూరమే. అయినా ఆ చెల్లెలు ఇప్పుడు ట్యూషన్ మానలేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. మీ ఇళ్లలో ఆడపిల్ల ఏదైనా ప్రశ్న అడిగితే నవ్వకండి, జవాబు చెప్పండి. తమ్ముళ్లూ, ఈసారి ఎవరినైనా “ఫెమినిస్టు” అనాలనిపిస్తే గట్టిగానే అనండి. “అవును” అని మేమూ గట్టిగానే అంటాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– డిగ్రీ విద్యార్థినులు, బాలికల వసతిగృహం