గోదావరి నీరు సముద్రంలో కలిసే తీరు: గాలి, ఆటుపోట్ల ప్రభావం

నదీజలం సముద్రాన్ని చేరిన వెంటనే ఉప్పునీటిలో కలిసిపోదు. సముద్రజలం ఘనమీటరుకు సుమారు 1,025 కిలోలు తూగగా, మంచినీరు సుమారు 1,000 కిలోలే తూగుతుంది. ఈ స్వల్పభేదం వల్లనే వరదకాలంలో ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల గుండా వచ్చే ఎర్రనీరు సముద్రంపై పలుచని పొరగా తేలుతూ పరచుకొంటుంది. ఆ పొర ఎటు సాగేదీ, ఎంతలో ఉప్పునీటితో కలిసేదీ ముఖ్యంగా గాలి, ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. డెల్టా శివారు భూముల మురుగు పారుదలకు, నీటి ఉప్పదనానికి కూడా వీటితో సంబంధముంది.

గాలి ప్రభావం

భూభ్రమణం వలన ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపునకు మళ్లుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో గాలి తీరం వెంబడి ఈశాన్య దిశగా వీస్తుంది. అప్పుడు పైపొర నీరు గాలికి కుడివైపునకు, అనగా తీరానికి దూరంగా జరుగుతుంది. మంచినీటి పొర సముద్రంలోనికి విస్తరించి, పలుచనై, త్వరగా కలిసిపోతుంది. ఈశాన్య గాలులు వీచే కాలంలో దీనికి విరుద్ధంగా నీరు తీరంవైపు నెట్టబడుతుంది. నదీజలం తీరాన్ని అంటిపెట్టుకొని సన్నని పట్టీగా దక్షిణానికి సాగుతుంది. తీరాన నీరు పేరుకొని సముద్రమట్టం కొంత పెరుగుతుంది. సార్వా వరి కోతకు వచ్చే ఆ రోజులలో తుపాను వర్షాలు కురిస్తే, మురుగు కాలువల నీరు సముద్రంలోనికి దిగక చేలు ముంపులో ఉండిపోవడానికి ఇది ఒక కారణం.

ఆటుపోట్ల ప్రభావం

ఈ తీరంలో పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది. మురుగునీరు ఆటు సమయంలో దిగుతుంది, పోటు సమయంలో నిలిచిపోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులకు చేరువలో పోటు బలంగా ఉండి పై, కింది పొరలను కలియబెడుతుంది. అష్టమి ప్రాంతంలో పోటు మందగించి, తేలికైన నీరు పైన, బరువైన ఉప్పునీరు అడుగున విడివిడిగా నిలుస్తాయి. వేసవిలో నదీ ప్రవాహం తగ్గినప్పుడు ఈ అడుగుపొర ఎగువకు పాకుతుంది. అందువలన పైనీటిని మాత్రమే పరీక్షించి నీరు మంచిదని భావించరాదు.

పంటకు ముప్పు

సముద్రజలపు విద్యుద్వాహకత మీటరుకు సుమారు 50 డెసీసైమన్లు. కాలువ నీటిలో పదవవంతు సముద్రజలం కలిసినా అది 5ను మించుతుంది. నేల సంతృప్త ద్రావణంలో విద్యుద్వాహకత 3 దాటిన తరువాత, పెరిగే ప్రతి డెసీసైమనుకు వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని ప్రామాణిక అంచనా. దాళ్వాలో ఉప్పుటేళ్ల పక్క భూములకు ఈ ముప్పు అధికం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

నీటి నమూనాలను పైనుండి, అడుగునుండి వేర్వేరుగా సేకరించాలి. ప్రతి నమూనాతో పాటు తిథి, ఆటుపోట్ల వేళ, గాలి దిశ నమోదు చేయాలి. ఏళ్ల పక్కన మోటార్లతో నీరు తోడే రైతులు ఆటు చివరి వేళలో, పైపొర నుండి తోడుకోవడం మేలు. మురుగు కాలువల తలుపులు పోటుకు ముందు మూసి, ఆటులో తెరిచేలా చూడాలి. తుపాను హెచ్చరిక పౌర్ణమి లేదా అమావాస్యకు దగ్గరగా వచ్చినప్పుడు, పక్వానికి వచ్చిన చేలను ముందుగానే కోసి, పనలను మెరకకు చేర్చుకోవలసిందిగా రైతులకు తెలియజేయాలి.