లైనక్స్ వేస్తుంటే ఎస్‌ఎస్‌డీ కనిపించట్లేదా? మార్చేముందు ఇది చదవండి

పోయిన వారం మా పక్కింటి తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఇక్కడే తెనాలిలో, బీటెక్ థర్డ్ ఇయర్. "అన్నా, ఉబుంటు వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టా. అంతా బానే నడిచింది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అని అడిగే దగ్గర నా ఎస్‌ఎస్‌డీనే చూపించట్లేదు. షాపులో అడిగితే పోయింది, కొత్తది వేయాలన్నారు" అన్నాడు.

అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఆన్ చేస్తే చక్కగా నడుస్తోంది. పోయిన ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ ఎలా నడుస్తుంది చెప్పండి?

అసలు జరిగేది ఇదీ. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీని ఆర్‌ఎస్‌టీ అనే మోడ్‌లో పెట్టి అమ్ముతారు. బయోస్‌లో ఇది "రైడ్ ఆన్" అనో, "ఆప్టేన్" అనో కనిపిస్తుంది. ఈ మోడ్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ నేరుగా బయటికి కనపడదు, సాటా కంట్రోలర్ వెనక దాక్కుంటుంది. అపార్ట్‌మెంట్‌లో మీ ఫ్లాట్ మెట్లు మూసేసి, అందరూ వాచ్‌మన్ గదిలోంచే రావాలి అన్నట్టు. ఆ వాచ్‌మన్ భాష విండోస్‌లో ఉన్న ఇంటెల్ డ్రైవర్‌కి తెలుసు. లైనక్స్‌కి తెలీదు. అంతే తేడా.

ఇది కొత్త గొడవ కాదు. 2016లో లెనోవో యోగా 900 కొన్ని మోడళ్ళలో ఈ మోడ్ మార్చుకునే ఆప్షనే బయోస్‌లో లేదు. లైనక్స్ వాడేవాళ్ళు గట్టిగా అడిగాక, వాళ్ళ కోసం వేరే బయోస్ ఇచ్చారు. అదే ఏడాది ఇంటెల్ ఇంజినీర్ ఒకాయన లైనక్స్ కెర్నల్‌కి దీని సపోర్ట్ కలపాలని ప్రయత్నించారు, కెర్నల్ వాళ్ళు తీసుకోలేదు. ఇప్పుడు కెర్నల్ చేసేదల్లా లాగ్‌లో ఒక మాట రాయడం: దాచిన ఎన్‌వీఎంఈ కనిపించింది, రైడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చుకోండి అని.

11వ తరం ప్రాసెసర్ల నుంచి వీఎండీ అని ఇంకో పద్ధతి వచ్చింది. దీనికి లైనక్స్‌లో డ్రైవర్ ఉంది, కొత్త ఉబుంటు అయితే చాలాసార్లు డిస్క్ కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, ఇక్కడ విండోస్ ఇన్‌స్టాలరే డిస్క్ చూపించక డ్రైవర్ అడుగుతుంది! తెలుగులో లైనక్స్ 2005లోనే "స్వేచ్ఛ" పేరుతో వచ్చింది. అంటే మనకి భాష అడ్డం కాలేదు, డ్రైవర్ అడ్డమవుతోంది.

సరే, బయోస్‌లోకి వెళ్ళి ఏహెచ్‌సీఐ పెట్టేస్తే అయిపోయిందిగా? అక్కడే ఆగండి. ఆ తప్పు నేను చేశాను.

మా బాబాయ్ ల్యాప్‌టాప్‌లో ముందూ వెనకా చూడకుండా మార్చేశా. విండోస్ నీలం స్క్రీన్ వేసింది. కంగారులో సెక్యూర్ బూట్ కూడా మార్చా, ఇంకేవో నొక్కా. ఏది ఎలా ఉండేదో గుర్తు లేదు. తర్వాత బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగింది. అందులో బాబాయ్ షాపు లెక్కలన్నీ ఉన్నాయి, బ్యాకప్ లేదు. కీ ఆయన పాత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది, ఓటీపీ పాత సిమ్‌కి వెళ్తుంది, ఆ సిమ్ రేపల్లెలో నానమ్మ కీప్యాడ్ ఫోన్‌లో ఉంది. నానమ్మ ఫోన్‌లో ఒక్కో అంకె చదువుతుంటే నా చేతులు వణికాయి. లెక్కలు దక్కాయి. బాబాయ్ ఇప్పటికీ ల్యాప్‌టాప్ నా చేతికివ్వడు.

కాబట్టి ఇదే వరసలో చేయండి.

ఒకటి: ముఖ్యమైన ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ చూసి కాగితం మీద రాసుకోండి. "నేను బిట్‌లాకర్ పెట్టలేదు" అనొద్దు, చాలా ల్యాప్‌టాప్‌లలో అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే అదే ఆన్ అవుతుంది.

రెండు: బయోస్‌లో మార్చబోయే ప్రతి పేజీకీ ముందే ఫోన్‌తో ఫొటో తీయండి. ఏదైనా తేడా వస్తే పాత సెట్టింగే మళ్ళీ పెట్టొచ్చు.

మూడు: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్ళి ఏహెచ్‌సీఐ పెట్టండి. సేఫ్ మోడ్‌లో విండోస్ సరైన డ్రైవర్ ఎత్తుకుంటుంది. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి.

నాలుగు: సేఫ్ బూట్ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. విండోస్ బాగా వచ్చాకే ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టండి.

ఒక హెచ్చరిక: రెండు డిస్కులు కలిపి నిజంగానే రైడ్ చేసి ఉంటే ఈ మోడ్ ముట్టుకోవద్దు, డేటా పోతుంది. ఆప్టేన్ మెమరీ ఉంటే ముందు విండోస్‌లోనే దాన్ని డిసేబుల్ చేయాలి.

తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఇదే చేశాం. ఎస్‌ఎస్‌డీ వెంటనే కనిపించింది. కొత్తది కొనే డబ్బులు మిగిలాయి. మీ డిస్క్ కూడా కనిపించకపోతే పోయిందని ఎవరన్నా నమ్మకండి, ముందు విండోస్ నడుస్తోందో లేదో చూడండి. నడుస్తోందంటే అది పోలేదు, దాక్కుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!