కలపబండ్ల బాటలో సైకిలు

మోటారు మ్రోత చెవి సోకని బాటపై నాలుగైదు గంటలసేపు సైకిలు త్రొక్కగలుగుట నేటి కాలమున భాగ్యవంతులకు సైతము దుర్లభమైన సుఖముగా పరిణమించినది. రోడ్డు ప్రక్కన సైకిళ్లకని రంగుగీత గీచి, ఆ గీతలోనే ఆటోలను నిలుపుకొను నగరములలో నివసించు మనకు ఈ మాటను వేఱుగ వివరింప నక్కఱలేదు. ఆ సుఖమును వెదకుకొనుచు పాశ్చాత్యదేశములలోని సైకిలు ప్రియులు కొందఱు తారురోడ్డును విడిచి కంకరబాట పట్టి యిప్పటికి రెండు దశాబ్దములైనది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున 2006లో మొదలైన దీర్ఘదూరపు పందెము ఈ వేడుకకు ప్రచారము నొసగగా, అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2022లో ఇటలీదేశమున కంకరబాటల తొలి ప్రపంచపు పోటీని నడిపినది. పందెముల ముచ్చట అంతటితో చాలును. గెలుపోటములతో నిమిత్తము లేక అడవిగాలికై పోవు సామాన్యునకు ఫ్రాన్సుదేశపు తూర్పు సరిహద్దుననున్న ఆల్సాస్ సీమను మించిన తావు అరుదని నా అభిప్రాయము.

ఆ సీమకు పడమట వోజ్ పర్వతములు, తూర్పున రైన్ నది. ఆ పర్వతములలో నెల్ల ఉన్నతమైన గ్రాన్ బలోన్ ఎత్తు 1424 మీటర్లు మాత్రమే యగుటచే ఎత్తునుబట్టి చూచువారికి ఇది గొప్ప కొండగా తోపకపోవచ్చును. ఐనను అట్లాంటిక్ సముద్రము మీదుగా వచ్చు మేఘముల నడ్డగించి, వానను తమ పడమటి వాలుననే కురిపించుకొని, తూర్పు వాలునకు ఎండను మిగుల్చుటలో ఈ కొండలు మన పడమటి కనుమలకు తీసిపోవు. శిఖరప్రాంతమున ఏటికి 2000 మిల్లీమీటర్ల వాన పడుచుండ, దిగువనున్న కొల్మార్ పట్టణము సుమారు 600 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొనును. కావుననే పైన ఫర్, బీచ్ వృక్షముల దట్టమైన అరణ్యమును, దాని పాదమున, గ్రామమునకు గ్రామమునకు నడుమ ఎడతెగక, ద్రాక్షతోటలును నెలకొన్నవి. ఉదయము తోటల నడుమ బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు చీకటి కమ్మిన అడవిలో నుండును.

ఇక్కడి కంకరబాటలు వినోదార్థము వేసినవి కావు. ఆల్సాస్ అడవులలో అధికభాగము ప్రభుత్వమునదో గ్రామములదో యైన ఉమ్మడి ఆస్తి. కొట్టిన మ్రాకులను లారీల కెక్కించి క్రిందికి దింపుటకై అటవీశాఖవారు కొండల చుట్టును కంకరబాటలు వేసిరి. నిండుబరువుతో దిగవలసిన లారీ నిటారుగ దిగలేదు గనుక ఆ బాట వాలు మెత్తగ, మలుపు విశాలముగ నుండును. ఎక్కు సైకిలువానికి ఆ మెత్తదనమే వరము. సాధారణముగ బాట మొదట ఒక అడ్డుకమ్మి. ప్రజల వాహనసంచారమునకు తెఱవని బాటలపై, ప్రకృతిప్రదేశములలో, మోటారు వాహనములు తిరుగరాదని 1991లో ఫ్రెంచి ప్రభుత్వము శాసనము చేసినది. కారు అక్కడ నాగిపోవును. సైకిలువాడు కమ్మి ప్రక్కనున్న సందులో దూరిపోవును. అట్లే ద్రాక్షతోటల నడుమనున్న బాటలు వరుసల మధ్య దూరుటకై ఇరుకుగా కట్టిన ట్రాక్టర్ల కొఱకు ఏర్పడినవి.

లారీలు రాకముందు కలప దిగిన విధము తెలిసికొనినచో ఆ బాటను చూచు చూపే మాఱును. ష్లిట్ యనునది ముందువైపు కొమ్ములవలె పైకి వంగిన రెండు చేపట్లుగల కొయ్యబండి. దానికి చక్రములు లేవు. వాలువెంబడి నిచ్చెనమెట్లవలె అడ్డుకొయ్యలు పరచి, టన్నుకు పైబడిన కట్టెలను దానిపై పేర్చి, ఒకే మనిషి బండికి ముందు నిలిచి, వీపును బరువు కానించి, మడమలను అడ్డుకొయ్యలకు తన్నిపట్టుచు క్రిందికి దింపెడివాడు. అతని కాళ్లే బ్రేకులు. కాలు జాఱినచో బండి అతనిమీదుగ పోవును. మున్‌స్టర్ లోయలోని మ్యూల్‌బాక్ గ్రామమున ఈ వృత్తికై ఒక ప్రదర్శనశాల గలదు. డిస్కుబ్రేకుపై రెండు వ్రేళ్లుంచి అదే వాలున దిగు మనవంటివారు దానిని చూచి తీరవలెను.

సైకిలు విషయము క్లుప్తముగ చెప్పెదను. చూపునకు ఇది పందెపు సైకిలే. క్రిందికి వంగిన హ్యాండిలు, తేలికైన చట్రము. పందెపు సైకిలు టైరు 25 నుండి 28 మిల్లీమీటర్ల వెడల్పుండగా దీనిది 40 మిల్లీమీటర్లకు అటునిటు. అందులో గాలి సగమైనను కొట్టరు. మెత్తని టైరు రాతిని తన్నక, దానిపై ఒదిగి దొర్లిపోవును. ట్యూబునకు మాఱుగ లోపల జిగురుద్రవము పోయుదురు గనుక చిన్నముల్లు గ్రుచ్చుకొన్నను రంధ్రము తనంత పూడుకొనును. నేల తీరును సైతము టైరు చెవిలో చెప్పును: నడిమి కొండలలో గ్రానైటు శిథిలమై ఏర్పడిన ముతక ఇసుక కరకరలాడును, ఉత్తరమున స్ట్రాస్‌బర్గ్ ప్రధానాలయమును కట్టిన గులాబివన్నె ఇసుకరాయి పొడియై, చక్రమును మెల్లగ లోనికి దింపి, చప్పుడు లేకుండ చేయును.

ఒక మార్గమును మాత్రము పేర్కొందును. ఆండ్లో గ్రామమున, నల్లని పలకరాతి నేలపై రీస్లింగ్ ద్రాక్ష పండు కాస్టెల్‌బెర్గ్ తోట పాదమున బయలుదేరి, ఏటివెంట హోవాల్డ్ వఱకు ఎక్కి, అడవిబాటల వెంట 1099 మీటర్ల షాం దు ఫ్యూ శిఖరమును చేరవచ్చును. తారురోడ్డును అక్కడక్కడ దాటక తప్పదు. పడమటి వాలున దిగినచో వాల్డర్స్‌బాక్ వచ్చును. 1767లో ఓబెర్లిన్ అను యువ మతాచార్యుడు ఆ పల్లెకు వచ్చునప్పటికి బయటి లోకమునకు పోవుటకు సరియైన దారి లేక అక్కడి ప్రజలు దారిద్ర్యమున మ్రగ్గుచుండిరి. ఆయన ఉపన్యాసములతో తృప్తిచెందక, తానే గునపము చేతబట్టి ముందు నడచి, రైతులచేత రోడ్డు వేయించెను, బ్రుష్ నదిపై వంతెన కట్టించెను. సారా బాంజె, లూయీజ్ షెప్లర్ మొదలగు పల్లెపడుచుల సహాయమున పసిపిల్లలకు బడులు నడిపించెను. నేటి బాలవాడులకు పూర్వరూపములుగ ఆ బడులను చరిత్రకారులు పేర్కొందురు. అమెరికాలో 1833లో స్థాపించిన ఓబెర్లిన్ కళాశాల పేరు ఈయనదే.

అదే కొండల మఱియొక ముఖము స్ట్రుటోఫ్. గులాబివన్నె గ్రానైటు దొరకునని 1941లో నాజీలు ఇక్కడ నిర్బంధశిబిరమును తెఱచిరి. రోటో రైలుస్టేషను నుండి శిబిరమునకు ఎక్కు రోడ్డును ఖైదీలచేతనే వేయించిరి. ఓబెర్లిన్ వేయించిన బాటకును ఈ బాటకును దూరము కొద్ది మైళ్లే. సైకిలు వేగమున దాటిపోదగిన చోటు కాదది. దిగి లోనికి పోవలెను.

అటుపిమ్మట బ్రుష్ నదివెంట మోల్‌షైమ్ మీదుగ పల్లమే. చివరి 20 కిలోమీటర్లు కాలువగట్టు. పదునాలుగవ లూయీ 1681లో స్ట్రాస్‌బర్గును ఆక్రమించిన మఱుసటి యేడు, కోటకు రాయి చేరవేయుటకై వొబాన్ అను సైనిక వాస్తుశిల్పి త్రవ్వించిన కాలువ అది. పడవలు పోయినవి, వానిని లాగిన దారి సైకిళ్లకు మిగిలినది.

జర్మనీలో చదువులకో ఉద్యోగములకో పోయిన మన యువకులకు స్ట్రాస్‌బర్గ్ దూరము కాదు. రైన్ నది దాటినచో అదే. పోదలచినవారికి కొన్ని మాటలు. సెప్టెంబరులో ద్రాక్షకోత, ట్రాక్టరు వచ్చినచో ప్రక్కకు తొలగి దారి యిండు. శరత్కాలమున వేట సాగుచున్నదను బోర్డు కనబడినచో వెనుకకు మరలుడు. 1872లో పుట్టిన వోజ్ పాదచారుల సంఘమువారు గుర్తులు పెట్టిన ఇఱుకుదారులు నడచువారివి, అటు పోకుడు. సాయంకాలము కాళ్లపై పిడుజులున్నవేమో వెదకుకొనుడు, అక్కడ వానివలన లైమ్ వ్యాధి సోకును. తోటలో ద్రాక్షమద్యము రుచిచూచువారు లీటరు రక్తమునకు 0.5 గ్రాముల హద్దు కారువానికెంతో సైకిలువానికి నంతేయని మఱువరాదు. కాలము చాలనిచో షాం దు ఫ్యూ శిఖరమును మానుకొన్నను మానుకొనుడు గాని, వాల్డర్స్‌బాక్‌లో ఓబెర్లిన్ నివసించిన ఇంటిని, ఇప్పుడది ప్రదర్శనశాల, చూడక రాకుడు.