ప్యాకేజీ తీసేస్తే పీడ పోదు

అపోహ: ఓపెన్ సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది, అందులో దొంగ కోడ్ దాగదు.

వాస్తవం: కనిపించడం వేరు, ఎవరో ఒకరు కూర్చుని చదవడం వేరు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారమే చూడండి. లినక్స్‌లో ఫైళ్లను కుదించే చిన్న సాధనం అది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఒద్దికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యతల్లోకి వచ్చి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. అసలు సరుకును పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి లాగే స్క్రిప్టు అందరూ చూసే రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్లోనే ఉంది. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రూండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. ఆయనేమీ దొంగ కోసం వెతకడం లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆరా తీశారు. వేల కళ్లు కాపలా ఉన్నాయన్న ధీమా నాకు అప్పుడే సడలింది.

అపోహ: ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాం గానీ వాడలేదు, మనకేం కాదు.

వాస్తవం: మీరు వాడేదాకా ఆగే ఓపిక దొంగ ప్యాకేజీలకు ఉండదు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎంలో దొరికినవాటిలో చాలావాటికి ఇన్‌స్టాల్ అవుతుండగా నడిచే స్క్రిప్టే సరిపోయింది.

అపోహ: ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌కు మారుతుంటే చాలు.

వాస్తవం: మామూలు లోపాలకైతే మంచి సలహాయే. ఇక్కడ విషం ఉండేదే కొత్త వెర్షన్‌లో. 2025 సెప్టెంబరు 8న చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలకు కల్తీ వెర్షన్లు వచ్చాయి. ఎన్‌పీఎం పంపినట్టే ఉన్న నకిలీ మెయిల్ వాటి నిర్వాహకుణ్ని బోల్తా కొట్టించింది. కొన్ని గంటల్లోనే వాటిని తొలగించారు. వెర్షన్లను లాక్ ఫైల్లో బిగించుకుని, కొత్తవాటిని నాలుగు రోజులు ఆగి తెచ్చుకునేవాళ్లకు ఇలాంటి గంటలు ఊరికే గడిచిపోతాయి.

అపోహ: ప్యాకేజీ తీసేశాం, ఇక నిశ్చింత.

వాస్తవం: అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. ఇంట్లో దూరిన దొంగను గెంటేసి, వాడు అచ్చు తీసుకెళ్లిన తాళాలనే మళ్లీ వేసుకోవడం లాంటిది. 2021 అక్టోబరులో యూఏ-పార్సర్-జేఎస్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీ కల్తీ అయినప్పుడు వచ్చిన హెచ్చరిక సూటిగా ఉంది: అది ఇన్‌స్టాలైన కంప్యూటర్ పూర్తిగా పరాయి చేతుల్లోకి పోయినట్టే లెక్క. పాస్‌వర్డ్‌లు, కీలు వెంటనే మార్చాలి, అదీ వేరే కంప్యూటర్ నుంచి.

చేయాల్సిన పనుల వరుస కూడా ముఖ్యమే. ముందు ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయండి, లాగ్‌లు మాత్రం చెరపకండి. తర్వాత అన్ని ప్రాజెక్టుల లాక్ ఫైళ్లలో ఆ కల్తీ ప్యాకేజీ పేరు, వెర్షన్ వెతకండి. మీరు నేరుగా పెట్టుకోకపోయినా ఇంకో ప్యాకేజీ తోకపట్టుకుని వచ్చి ఉండొచ్చు. పాత టోకెన్లు రద్దు చేయండి. 2025 సెప్టెంబరులోనే వచ్చిన షాయ్-హులూద్ పురుగు, దొరికిన ఎన్‌పీఎం టోకెన్లతో బాధితుల సొంత ప్యాకేజీల్లోకే తనను తాను ఎక్కించుకుంది. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లు శుభ్రం చేసి బిల్డ్ సర్వర్‌ను మరిచిపోయే టీములు చాలానే ఉంటాయి. క్లౌడ్ కీలు ఎక్కువగా ఉండేది అక్కడే.