సామాజిక పెట్టుబడి

తోటి పిల్లల తల్లిదండ్రులతో పరిచయం కూడా చదువుకు ఆసరాయే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ 1988లో దీన్ని ‘సామాజిక పెట్టుబడి’లో భాగంగా చూపారు. ఆయనకు ఆధారం కేథలిక్ హైస్కూళ్లు. పదో తరగతికీ పన్నెండో తరగతికీ మధ్య చదువు మానేసినవారు ప్రభుత్వ బడుల్లో 14.4 శాతం, కేథలిక్ బడుల్లో 3.4 శాతమే. ఈ తేడాకు ఆయన చూపిన కారణం ఇదీ: ఆదివారం చర్చిలో కలిసే పెద్దలు ఒకరి పిల్లలపై మరొకరు కన్నేసి ఉంచుతారు. ఎవరి అబ్బాయి క్లాసు ఎగ్గొట్టినా కబురు ఇంటికి చేరుతుంది. పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల బిడ్డకూ ఈ అండ దొరకడమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఫీజు కట్టి మరీ చేర్పించే కన్నవాళ్ల పట్టుదలే అసలు కారణమని విమర్శకులన్నారు. ఆ మాటలోనూ బలముంది. అయితే ఇతర ప్రైవేటు బడుల్లోనూ ఫీజులున్నాయి. అక్కడ మానేసినవారు 11.9 శాతం.