నట్టల మందు – గొఱ్ఱెల కంటిచూపు

నిన్నటివరకు చక్కగా మేసిన గొఱ్ఱె నేడు గోడకు గ్రుద్దుకొనుచున్నదా? కంటిలో పొర గాని పుండు గాని కానరాకున్నదా? అట్లయిన, ఇటీవల దానికి పట్టిన నట్టల మందు ఏది, ఎంత అని ముందుగా విచారింపుడు.

2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణ ప్రథమ స్థానమును, ఆంధ్ర ప్రదేశ్ ద్వితీయ స్థానమును పొందినవి. కనుక ఈ విషయము మన కాపరులందరును తెలిసికొనదగినది.

క్లోసాంటెల్ అను మందు కార్జపు జలగలను, నెత్తురు పీల్చు నట్టలను చంపును. తగు మోతాదులో ఇది మేలైన మందే. మోతాదు మించినచో కంటిచూపునకే ముప్పు. కంటినుండి మెదడునకు పోవు దృష్టినాడి ఇరుకైన ఎముక సందులోనుండి పోవును. మందు ఎక్కువైనప్పుడు నాడి ఉబ్బి, అక్కడ చోటు చాలక నలిగిపోవును. వెలుగును గ్రహించు రెటీనా పొరయు క్షీణించును. గొఱ్ఱెలలోను మేకలలోను శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో ఈ మార్పులను చూచియున్నారు. హెక్సాక్లోరోఫీన్ అను మరియొక రసాయనమును ప్రయోగశాలలో ఎలుకలకు ఇచ్చినప్పుడును నాడులపైనుండు తెల్లని పొర ఇట్లే ఉబ్బినది. మనుష్యులకును ఈ ముప్పు తప్పదు. 1993లో లిథువేనియా దేశమున పశువుల మందగు క్లోసాంటెల్‌ను పొరపాటున 11 మంది స్త్రీలకు ఇవ్వగా, వారు కొంతకాలము చూపు కోల్పోయిరి.

పొరపాటు ఎక్కడ జరుగును? గొఱ్ఱెకు నోటిద్వారా ఇచ్చు మోతాదు కిలో బరువునకు 10 మిల్లీగ్రాములు. 30 కిలోల గొఱ్ఱెకు 300 మిల్లీగ్రాములు చాలును. 5 శాతపు మందైన 6 మిల్లీలీటర్లు, 15 శాతపు మందైన 2 మిల్లీలీటర్లు మాత్రమే. వెనుకటి అలవాటున 15 శాతపు మందు 6 మిల్లీలీటర్లు పోసినచో మూడింతలగును!

ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. సీసామీది శాతమును చదువక మూత తీయరాదు.
2. పెద్దవాటిని, పిల్లలను వేరుచేసి, కొన్నింటినైన తూచి మోతాదు నిర్ణయింపుడు.
3. గీతలున్న సిరంజితోనే కొలువుడు; గ్లాసుతో ఉజ్జాయింపుగా పోయరాదు.
4. ఈ మందు రక్తములో వారముల తరబడి నిలుచును. పశువైద్యుని అడుగక మరల పట్టరాదు.

కంటిపాప పెద్దదై వెలుగులోను ముడుచుకొనకున్న, గొఱ్ఱె తల పైకెత్తి తడబడుచున్న, వెంటనే పశువైద్యునికి చూపుడు. విటమిన్ల లోపమువలనను చూపు పోవచ్చును. దానికి చికిత్స కలదు. ఈ మందు విషమునకు మాత్రము విరుగుడు లేదు; పోయిన చూపు సాధారణముగా తిరిగి రాదు.

గ్రామోద్యోగులకు ఒక మనవి: నట్టల మందు పట్టు దినమున సీసామీది శాతమును, బరువునుబట్టి మోతాదును పెద్ద అక్షరములతో పలకమీద వ్రాసి మంద యెదుట నిలుపుడు. చదువురాని కాపరికి చదివి వినిపింపుడు.