పేరులోనే ఉన్న ప్రాణి

జంషెడ్‌పూర్‌లోని పాఠశాలల హాజరు పట్టీలలో, కర్మాగారాల కార్మికుల జాబితాలలో హాంస్దా, ముర్ము, కిస్కూ, ఎక్కా, టొప్పో, లక్రా వంటి పేర్లు తరచు కనిపిస్తాయి. కొత్తవారికి అవి వట్టి ఇంటిపేర్లు. తెలిసినవారికి అదొక చిన్న అరణ్యం. సంతాలులలో హాంస్దా వంశానికి అడవి హంస, ముర్ము వంశానికి మనుబోతు, కిస్కూ వంశానికి లకుముకి పిట్ట చిహ్నాలు. ఒరావులలో ఎక్కా వారిది తాబేలు, టొప్పో వారిది వడ్రంగి పిట్ట, లక్రా వారిది దుమ్ములగొండి. తమ వంశపు ప్రాణిని చంపరాదు, తినరాదు అన్నది సంప్రదాయం. ఒకే ప్రాణి పేరు గలవారు తోబుట్టువులతో సమానం; వారి మధ్య వివాహం నిషిద్ధం. 2022లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన ద్రౌపది ముర్ము పేరులోనూ ఆ మనుబోతు ఉన్నది.

మనిషికీ జంతువుకూ మధ్య విడదీయరాని బంధమనే ఈ భావమే మరొక దేశంలో అద్భుత కల్పనగా అవతరించి లక్షలాది పాఠకులను ఆకట్టుకున్నది. 1995లో ఆంగ్ల రచయిత ఫిలిప్ పుల్‌మన్ ‘నార్దర్న్ లైట్స్’ అనే నవలను ప్రచురించారు. అందులోని లోకంలో ప్రతి మనిషి ఆత్మా ఒక జంతురూపంలో అతని వెంటనే తిరుగుతూ ఉంటుంది. బాల్యంలో అది క్షణానికొక రూపం ధరిస్తుంది. యౌవనం రాగానే ఒకే రూపంలో స్థిరపడుతుంది. ఆ ఇద్దరినీ బలవంతంగా విడదీయడం ఆ కథలో అన్నింటికన్న ఘోరమైన పాపం. లియొనార్డో డావించీ చిత్రించిన, ఎర్మిన్ అనే చిన్న తెల్లని జంతువును ఒడిలో ఉంచుకున్న యువతి చిత్రం వంటివి ఈ ఊహకు తోడ్పడ్డాయని రచయిత చెప్పారు.

పాఠకులు ఏమన్నారు? 2003లో బ్రిటన్‌లో బి.బి.సి. జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ఈ నవలతో మొదలైన నవలాత్రయానికి మూడవ స్థానం దక్కింది. బాలసాహిత్యానికి ఇచ్చే కార్నెగీ పతకానికి డెబ్బది ఏండ్లు నిండిన 2007లో, ఆ పతకం పొందిన పుస్తకాలన్నింటిలోకీ ఉత్తమమైనదిగా ఈ నవలనే ప్రజలు ఎన్నుకున్నారు. అదే సమయంలో మరికొందరు పాఠకులు మండిపడ్డారు. కథ మతవ్యవస్థను నిందిస్తున్నదని వారి ఆరోపణ. 2008లో అమెరికా గ్రంథాలయాలలో ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల జాబితాలో ఈ నవలాత్రయం రెండవది.

అభిమానులూ, విమర్శకులూ ఒక విషయంలో ఏకీభవించారు: జంతుబంధం కల్పన. 2016లో ఆ మాటనే ప్రశ్నించిన పాఠకులు బయలుదేరారు. హ్యారీ పాటర్ కథల రచయిత్రి జె.కె. రోలింగ్ ఉత్తర అమెరికా మంత్రవిద్యల చరిత్ర అంటూ కొన్ని రచనలు ప్రకటించి, అందులో జంతురూపం ధరించే మనుషులను గురించిన నవాహో జాతివారి విశ్వాసాన్ని వాడుకున్నారు. చెరొకీ జాతికి చెందిన విద్వాంసురాలు ఏడ్రియన్ కీన్ మొదలైన ఆదిమజాతుల పాఠకులు దానిని తీవ్రంగా విమర్శించారు. సజీవంగా ఉన్న జాతుల విశ్వాసాన్ని కట్టుకథల సామగ్రిగా మార్చడం న్యాయం కాదన్నది వారి వాదం.

ఈ వాదం వినగానే సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసే ఈ ఉక్కునగరం గుర్తుకు వస్తుంది. ఇక్కడి హాంస్దా కుటుంబంలోని బాలిక ఇటువంటి కథను చదివితే అది ఆమెకు పూర్తిగా అపరిచితమైన ఊహగా తోచదు. సంతాలుల సృష్టిగాథలో మొదట అంతా నీరే. తాబేలు, వానపాము మొదలైన జీవుల సాయంతో నేల పైకి వచ్చింది. హాస్, హాసిల్ అనే రెండు పక్షులు పెట్టిన గుడ్లలో నుండి తొలి మానవులు పిల్చూ హాడామ్, పిల్చూ బుడీ జన్మించారు. అంటే మనిషి పక్షిని మచ్చిక చేసుకోలేదు. పక్షియే మనిషిని కన్నది!

పండితులూ ఈ గాథలకు ఒక విధమైన పాఠకులే. రాంచీలో న్యాయవాదిగా ఉన్న శరత్‌చంద్ర రాయ్ 1912లో ముండాలను గురించీ, 1915లో ఒరావులను గురించీ గ్రంథాలు వెలువరించి వారి ఆచారాలను నమోదు చేశారు. 1962లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాద్ లెవీ స్ట్రాస్ మరొక వ్యాఖ్య చేశారు. మనుషులు వంశచిహ్నాలుగా జంతువులను ఎన్నుకున్నది అవి ఆహారానికి పనికివచ్చినందువల్ల కాదు, ఆలోచనకు పనికివచ్చినందువల్ల అని ఆయన అభిప్రాయం. జంతువుల మధ్య భేదాలే మానవ సమూహాల మధ్య భేదాలను గుర్తించే భాష అయినాయి.

అయితే నవలకూ వంశాచారానికీ ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. నవలలోని జంతువు మనిషి మనసుకు ప్రతిబింబం. అతడు లేక అది లేదు. వంశచిహ్నమైన జంతువు మనిషికి వెలుపల, తన బ్రతుకు తాను బ్రతుకుతున్న బంధువు. ప్రతిబింబాన్ని ప్రేమిస్తే చాలు. బంధువు పట్ల బాధ్యత ఉంటుంది.

ఆ బాధ్యత ఎంత కఠినమో జంషెడ్‌పూర్ పొలిమేరలోని దల్మా కొండలు చూపుతాయి. 1976లో అభయారణ్యంగా ఏర్పడిన ఆ అడవి విస్తీర్ణం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. ఏనుగులకు అది ప్రసిద్ధి. ఏటా వేసవిలో ఆదివాసులు సేంద్రా అనే సంప్రదాయపు వేటకు ఆ కొండల మీద కూడుతారు. సంతాలుల ఆచారంలో వేట నాడు అడవిలో సమావేశమయ్యే సభ తగవులు తీర్చే అత్యున్నత న్యాయస్థానం వంటిది. ప్రాణులు చావకుండా దానిని ఆచారమాత్రంగా జరుపుకొమ్మని అటవీశాఖ కోరుతూ వస్తున్నది. హంసను తోబుట్టువుగా భావించే సమాజమే వేటనూ పండుగగా జరుపుకొంటున్నది. ఇందులో కపటం లేదు. వారి బంధం సకల జంతువులపై కరుణ కాదు. ఒక్కొక్క వంశం ఒక్కొక్క ప్రాణికి ఇచ్చిన మాట. ఆ మాటకు ఈనాడు ఎంత విస్తృతి ఉండాలన్నదే దల్మా ముందున్న ప్రశ్న. ఆ ప్రశ్న ఆదివాసులను మాత్రమే అడిగితే సరిపోదు. 1907లో ఏర్పడిన ఉక్కు సంస్థ వెంట పెరిగిన నగరం మీదా, ఆ నగరపు ఉక్కుతో నిర్మించుకున్న దేశం మీదా ఆ బాధ్యత ఉన్నది.

ఉక్కు కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్ర నుండి జంషెడ్‌పూర్ చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పేర్ల సంగతి మరీ వింత కాదు. పులి, నక్కా, కాకి, పిల్లి, గుర్రం మన ఇంటిపేర్లే. వాటి పుట్టుక అన్నిచోట్లా ఒకటి కాకపోవచ్చు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’ కావ్యంలో, మనుషులు దూరంగా ఉంచిన ఒక పేదవాడు తన గోడును శివునికి విన్నవించమని చెప్పుకొన్నది గబ్బిలంతోనే.

కథ చదివినవారందరూ సాధారణంగా వేసుకునే ప్రశ్న ఒకటి: “నాకు తోడుగా ఏ జంతువు వస్తుంది?” హాంస్దా, ముర్ము, ఎక్కా వంశాలవారు తరతరాలుగా వేసుకుంటున్న ప్రశ్న వేరు: “ఆ జంతువుకు నేను ఏమి బాకీ?” మొదటి ప్రశ్నకు పుస్తకం ముగిసేలోగా సమాధానం దొరుకుతుంది. రెండవదానికి సమాధానం పుస్తకం మూసిన తరువాతనే వెదకవలసి ఉంటుంది.